కరెంటుతో తెరుచుకునే బ్రేక్: హాయిస్ట్ మోటారుకు బిగించి వైరింగ్ చేసే పద్ధతి

హాయిస్ట్ (బరువులు ఎత్తే యంత్రం) బ్రేక్ మార్చాలని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది బ్రేక్ సైజు కాదు. "మోటారు కాంటాక్టర్ల మీద నడుస్తోందా, డ్రైవ్ మీదా?" అని అడుగుతాను. కాంటాక్టర్ అంటే కంట్రోల్ లైనుతో పనిచేసే పెద్ద స్విచ్, డ్రైవ్ అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె. ఆ ప్రశ్న వెంటనే, "పాత బ్రేక్ ఎందుకు పోయింది?" అంటాను. ఈ రెండింటికీ జవాబు తెలియకుండా కొత్త బ్రేక్ కొని బిగిస్తే అది కూడా పాతదాని దారే పడుతుంది.

మాది సూళ్ళూరుపేట. పని చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో. క్రేన్లకు, హాయిస్టులకు, గేర్ మోటార్లకు ఎలక్ట్రికల్ సర్వీసు చేస్తాను. అటు గుమ్మిడిపూండి, ఇంకా పైకి పోతే శ్రీసిటీ, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తాం. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఐటీఐ చేసి వచ్చినవాళ్ళు ఎక్కువ. స్టార్ డెల్టా స్టార్టర్ ఇస్తే తడుముకోకుండా కలిపేస్తారు. బ్రేక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రెండు వైర్లే కదన్నా" అంటారు. ఆ రెండు వైర్ల మీదే ఐదు టన్నుల బరువు, దాని కింద తిరిగే మనుషులు ఆధారపడి ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది

మోటారు వెనక, ఫ్యాన్ దగ్గర ఉండే స్ప్రింగు డిస్క్ బ్రేక్ గురించి చెబుతున్నాను. అందులో కాయిల్ (తీగ చుట్ట) ఉన్న మ్యాగ్నెట్ బాడీ ఒకటి, దాని ముందు కొద్దిగా కదిలే ఇనుప ప్లేటు ఒకటి (ఆర్మేచర్ అంటాం), ఆ ప్లేటును తోసే స్ప్రింగులు, షాఫ్టుతో పాటు తిరిగే లైనింగ్ డిస్క్ ఉంటాయి. కరెంటు లేనప్పుడు స్ప్రింగులు ఆర్మేచర్‌ను తోసి డిస్క్‌ను గట్టిగా అదిమి పడతాయి, షాఫ్టు కదలదు. కాయిల్‌కు డీసీ ఇవ్వగానే అది ఆర్మేచర్‌ను తనవైపు లాక్కుంటుంది. డిస్క్ వదులై మోటారు తిరుగుతుంది.

అంటే బరువును పట్టేది స్ప్రింగు. కరెంటు పని వదిలిపెట్టడం మాత్రమే. మామూలు వైరింగులో మన ఆలోచనంతా కరెంటును ఎలా చేర్చాలా అనే. ఈ బ్రేక్ విషయంలో కరెంటు ఎంత తొందరగా పోవాలి, ఏయే సందర్భాల్లో పోయి తీరాలి అన్నదే అసలు ఆలోచన. కింద చెప్పే వైరింగు అంతా ఈ ఒక్క ప్రశ్న నుంచి వచ్చిందే.

పెద్ద క్రేన్ల మీద డ్రమ్ము, దానికి రెండు వైపులా షూలు, పక్కన నూనె పోసిన థ్రస్టర్ ఉండే బ్రేక్ వేరే రకం. అక్కడా పట్టేది స్ప్రింగే. తెరిచేది థ్రస్టర్‌లోని చిన్న త్రీ ఫేజ్ మోటారు. దానికి రెక్టిఫయర్ గొడవ లేదు కానీ, ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న కంట్రోల్ సంగతి దానికీ ఇదే.

కొనే ముందు వేయాల్సిన లెక్కలు

చెన్నై పారీస్ కార్నర్ వెనక వీధుల్లో బ్రేక్ అడిగితే దుకాణదారు మోటారు ఫ్రేమ్ సైజు అడిగి ఏదో ఒకటి తీసి ఇస్తాడు. సైజు సరిపోయినంత మాత్రాన సరిపోదు. మోటారు నేమ్‌ప్లేటు మీది కిలోవాట్లను 9550తో గుణించి ఆర్‌పీఎంతో భాగించండి. 5.5 కిలోవాట్లు, 960 ఆర్‌పీఎం అయితే దాదాపు 55 న్యూటన్ మీటర్లు. ఇది మోటారు టార్కు. హాయిస్ట్ బ్రేక్ దీనికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంటే 82. దొరికే సైజుల్లో ఆ పైది 100 అయితే అది తీసుకోండి. ఎంత పెద్దదైతే అంత మంచిదని 200 బిగిస్తే ఆపినప్పుడల్లా గేర్‌బాక్సుకు, రోపుకు దెబ్బ తగులుతుంది. క్రేన్‌ను పొడుగునా, అడ్డంగా నడిపే లాంగ్ ట్రావెల్, క్రాస్ ట్రావెల్ మోటార్లకైతే బ్రేక్ ఇంకా మెత్తగా ఉండాలి, లేకపోతే బరువు ఉయ్యాల ఊగుతుంది.

తర్వాత కాయిల్ వోల్టేజీ. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లు ముఖ్యంగా రెండు రకాలు. హాఫ్ వేవ్ రకం, లోపలికి వచ్చిన ఏసీలో 0.45 వంతు డీసీ ఇస్తుంది. ఫుల్ వేవ్, అంటే బ్రిడ్జి రకం, 0.9 వంతు ఇస్తుంది. 230 వోల్టులకు హాఫ్ వేవ్‌లో 103, బ్రిడ్జిలో 207 వస్తాయి. 415 వోల్టులకు హాఫ్ వేవ్‌లో 187 వస్తాయి. అందుకే కాయిళ్ళ మీద 103, 180, 190, 205 లాంటి అంకెలు కనిపిస్తాయి.

మన క్రేన్లలో చాలావాటికి పైకి కరెంటు తీసుకెళ్ళే బస్‌బార్లు నాలుగే, మూడు ఫేజులు, ఒక ఎర్త్. న్యూట్రల్ రాదు. అలాంటిచోట రెండు ఫేజుల మధ్య 415 తీసుకుని, హాఫ్ వేవ్ రెక్టిఫయర్ పెట్టి, 180 లేదా 190 వోల్టుల కాయిల్ వాడటం తేలిక. ఇక్కడ బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టకండి. అవి చాలావరకు 230 వోల్టుల లైనుకు చేసినవి, 415 తగలగానే పోతాయి. న్యూట్రల్ లేదు కదా అని ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడేవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఆ ఎర్త్ ఎక్కడైనా తెగితే క్రేన్ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది.

కాయిల్‌కు, రెక్టిఫయర్‌కు జత కుదరకపోతే ఏమవుతుందో తెలుసుకుని ఉంటే కంప్లయింటు వినగానే కారణం తడుతుంది. 103 వోల్టుల కాయిల్‌కు 207 వెళ్తే కరెంటు రెట్టింపు, వేడి నాలుగు రెట్లు. బ్రేక్ చక్కగా తెరుచుకుంటుంది, కాసేపటికి కాయిల్ కాలిపోతుంది. 205 వోల్టుల కాయిల్‌కు 103 వెళ్తే కాయిల్‌కు ఏమీ కాదు కానీ ఆర్మేచర్ లాగదు. మోటారు బిగిసిన బ్రేక్ మీదే తిరగాలని చూస్తుంది, లైనింగ్ కాలిన వాసన వస్తుంది, ఎక్కువ కరెంటుకు లైను తెంచే ఓవర్‌లోడ్ రిలే పడుతుంది. అందరూ మోటారును అనుమానిస్తారు.

బిగించడం

మొదట బరువు దించండి. ఖాళీ హుక్కు కూడా నేలకు ఆని, రోపు వదులుగా ఉండాలి. బ్రేక్ విప్పిన క్షణం నుంచి హుక్కును పట్టుకునేది ఏదీ ఉండదు. పైన పనిచేస్తున్నప్పుడు కింద ఎవరూ నిలబడకూడదు. మెయిన్ ఐసోలేటర్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. "పని జరుగుతోంది" అనే బోర్డు తమిళంలో, హిందీలో కూడా ఉండాలి. ఇప్పుడు షెడ్లలో పనిచేసేవాళ్ళలో తెలుగు, తమిళం రెండూ రానివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఫ్యాన్ కవర్, ఫ్యాన్, సర్క్లిప్ (షాఫ్టు గాడిలో పట్టే రింగు) తీసి పాత బ్రేక్ బయటికి తీయండి. దాన్ని పక్కన పడేయకుండా పరిశీలనగా చూడండి. లైనింగ్ మీద నూనె మెరుపు ఉంటే షాఫ్టు సీలు కారుతోంది. ముందు సీలు మార్చాలి. నూనె పీల్చుకున్న లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి మళ్ళీ వేస్తే పైకి ఎండినట్టే కనిపిస్తుంది, వేడెక్కగానే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. లైనింగ్ ఒక పక్కనే అరిగి ఉంటే గ్యాప్ సమానంగా లేదు. కాయిల్ నల్లబడి ఉంటే వోల్టేజీ తప్పు, లేదా ఆర్మేచర్ పూర్తిగా అంటుకోవడం లేదు.

కొత్తదాని హబ్ (డిస్క్ కూర్చునే పళ్ళ ముక్క) షాఫ్టు మీద కీతో బిగుతుగా కూర్చోవాలి, సర్క్లిప్ తన గాడిలో పూర్తిగా పడాలి. హబ్ పళ్ళ మీద లైనింగ్ డిస్క్ వేలితో తోస్తే ముందుకూ వెనక్కీ సులువుగా జారాలి. పట్టినట్టు ఉంటే అక్కడే ఆగి కారణం చూడండి. డిస్క్ జారకపోతే బ్రేక్ తెరుచుకున్నాక కూడా ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది. జారడం కోసమని పళ్ళకు గ్రీజు పూయకండి, తిరిగేటప్పుడు అది చిమ్మి లైనింగ్ మీద పడుతుంది. డిస్క్ ఆనుకునే ఫ్రిక్షన్ ప్లేటును శుభ్రమైన గుడ్డతో తుడవండి, చేతి నూనె కూడా అంటకుండా. డిస్క్ మందం వెర్నియర్‌తో కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత అరుగుదల తెలియాలంటే కొత్తది ఎంత ఉండేదో తెలియాలి కదా.

మ్యాగ్నెట్ బాడీ బోల్టులు సాధారణంగా మూడు ఉంటాయి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళొద్దు. మూడింటినీ కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించాలి. ఎం8 బోల్టు, 8.8 గ్రేడు అయితే 25 న్యూటన్ మీటర్ల దగ్గర టార్క్ రెంచ్ పెట్టండి. తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పాటించండి.

ఎయిర్ గ్యాప్

మ్యాగ్నెట్ బాడీకి, ఆర్మేచర్‌కు మధ్య ఉండే సందు ఇది. బ్రేక్ సైజును బట్టి 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సరైన అంకె బ్రేక్ ప్లేటు మీదో, దానితో వచ్చిన కాగితంలోనో ఉంటుంది. ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటు పారేయకండి.

సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో మూడు బోల్టుల పక్కన మూడుచోట్ల కొలవాలి. మూడు కొలతల మధ్య తేడా 0.05 మిల్లీమీటరుకు మించకుండా చూస్తాను. తేడా ఉంటే ఆ బోల్టును కొంచెం వదులు చేసి, దాని చుట్టూ ఉన్న బోలు స్క్రూను తిప్పి, మళ్ళీ బోల్టు బిగించి, మళ్ళీ కొలవాలి. బిగించాక గ్యాప్ మారుతుంది. బిగించక ముందు కొలిచిన కొలత లెక్కలోకి రాదు. ఈ పని విసుగ్గా ఉంటుంది, పైన వేడికి చెమట కళ్ళలో పడుతుంది, అయినా తొందరపడకూడదు.

దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ లాగే బలం చాలా వేగంగా పడిపోతుంది. రెట్టింపు గ్యాప్‌కు బలం దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. కాబట్టి లైనింగ్ అరిగి గ్యాప్ పెరిగిన బ్రేక్ ఒకరోజు తెరుచుకోవడం మానేస్తుంది. అదీ ముందు ఎండాకాలం మధ్యాహ్నం మొదలవుతుంది. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, లాగుడూ తగ్గుతుంది. "పొద్దున బాగానే ఉందన్నా, రెండు గంటలకు మొరాయిస్తోంది" అని ఫోన్ వస్తే నేను ముందు ఫీలర్ గేజ్ తీసుకుని బయలుదేరుతాను. గ్యాప్ మరీ తక్కువ పెట్టినా ఇబ్బందే. డిస్క్ వేడికి ఉబ్బి రాసుకుంటుంది.

చేత్తో విడిపించే లివర్ ఉంటే దాని నట్లను బ్రేక్‌తో వచ్చిన కాగితంలో చెప్పినంత వదులుగానే ఉంచాలి. బిగుతుగా తిప్పితే లివర్ స్ప్రింగు బలాన్ని కొంత తానే మోస్తుంది, బ్రేక్ పూర్తిగా పట్టదు. హాయిస్ట్ మీద పని అయ్యాక ఆ లివర్ రాడ్డును తీసి ప్యానెల్లో భద్రపరచడం నా అలవాటు. పొరపాటున ఎవరి చెయ్యీ దాని మీద పడకూడదు.

వైర్లు కలపక ముందు

కాయిల్ రెసిస్టెన్స్ కొలవండి. ప్లేటు మీద 180 వోల్టులు, 85 వాట్లు అని ఉంటే 180ని 180తో గుణించి 85తో భాగించాలి. 381 ఓములు వస్తాయి. ఇది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెలలో షెడ్డు కప్పు కింద 40 డిగ్రీలుంటే అదే కాయిల్ 410 దాకా చూపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. 200 చూపిస్తే మాత్రం కాయిల్ లోపల చుట్లు కలిసిపోయాయి, లేదా మీకు వేరే వోల్టేజీ కాయిల్ అంటగట్టారు.

తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో కాయిల్‌కు, బాడీకి మధ్య ఇన్సులేషన్ చూడండి. ఒక మెగా ఓముకు తగ్గితే కలపొద్దు. మంచి కాయిల్ దానికంటే ఎంతో ఎక్కువ చూపించాలి. మెగ్గర్ తిప్పే ముందు కాయిల్ వైర్లను రెక్టిఫయర్ నుంచి తప్పకుండా విడదీయాలి. ఆ వోల్టేజీ రెక్టిఫయర్‌లోని డయోడ్లకు, వోల్టేజీ ఎగిరినప్పుడు దాన్ని అదుపు చేసే వేరిస్టర్‌కు మంచిది కాదు.

వైరింగ్, కాంటాక్టర్ల మీద నడిచే హాయిస్ట్‌కు

సప్లై ఎక్కడి నుంచి తీయాలి? మోటారు టెర్మినళ్ళ నుంచి రెక్టిఫయర్‌కు రెండు ముక్కల వైరు వేస్తే పని అయిపోతుంది, కన్వేయర్లకు చాలాచోట్ల అలాగే చేస్తారు. హాయిస్ట్‌కు నేను ఒప్పుకోను. కాంటాక్టర్ పడిపోయాక (లైను తెంచాక) కూడా తిరుగుతున్న మోటారు కాసేపు తానే వోల్టేజీ పుట్టిస్తుంది. బరువు దిగుతున్నప్పుడు మోటారును ఆ బరువే తిప్పుతుంటుంది. ఆ వోల్టేజీ బ్రేక్ కాయిల్‌కు చేరితే, మీరు బటన్ వదిలినా బ్రేక్‌కు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి ప్యానెల్ నుంచి బ్రేక్‌కు విడిగా లైను, విడిగా ఎంసీబీ, విడిగా కాంటాక్టర్.

ఆ బ్రేక్ కాంటాక్టర్ ఎప్పుడు పడాలన్నది కంట్రోల్ వైరింగ్. మన క్రేన్లలో కంట్రోల్ ఎక్కువగా 110 వోల్టులు. కంట్రోల్ లైను ఎమర్జెన్సీ బటన్ దాటి, ఫేజ్ ఫెయిల్యూర్ రిలే కాంటాక్టు దాటి, ఓవర్‌లోడ్ రిలే ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే కాంటాక్టు) దాటి రావాలి. ఆ తర్వాత అప్ కాంటాక్టర్ ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు), డౌన్ కాంటాక్టర్ ఎన్‌ఓ రెండూ ప్యారలల్‌గా ఉండాలి. అక్కడి నుంచి బ్రేక్ కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్ళాలి. చేతిలో పట్టుకునే పెండెంట్ బటన్ నుంచి నేరుగా బ్రేక్ కాంటాక్టర్‌కు ఇవ్వకూడదు. మోటారు కాంటాక్టర్ నిజంగా లోపలికి వెళ్తేనే బ్రేక్ తెరుచుకోవాలి. నేరుగా ఇచ్చి ఉంటే, అప్ కాంటాక్టర్ కాయిల్ పోయినప్పుడు బటన్ నొక్కితే బ్రేక్ ఒక్కటే తెరుచుకుని బరువు కిందికి పోతుంది.

ఫేజ్ ఫెయిల్యూర్ రిలే గురించి ఒక్క మాట. మోటారుకు ఒక ఫేజు పోయి, బ్రేక్ తీసుకునే రెండు ఫేజులు బాగానే ఉన్నాయనుకోండి. బ్రేక్ తెరుచుకుంటుంది, మోటారు హమ్ మంటుంది తప్ప తిరగదు, బరువును ఆపే బలం దానికి ఉండదు. ఓవర్‌లోడ్ రిలే స్పందించేలోపు బరువు నేల మీద ఉంటుంది. ఆ రిలే ఖర్చు చూసి యజమానులు వెనకాడితే నేను ఈ సంగతే చెబుతాను. విన్నాక వద్దన్నవాళ్ళు లేరు.

ఇప్పుడు పవర్ వైపు. బ్రేక్ కాంటాక్టర్‌కు నాలుగు పోళ్ళు (కాంటాక్టు జతలు) ఉన్నది తీసుకుంటాను. రెండు పోళ్ళు రెక్టిఫయర్‌కు వెళ్ళే రెండు ఫేజులకు. మిగిలిన రెండు పోళ్ళు సిరీస్‌లో కలిపి డీసీ వైపుకు. డీసీ వైపు ఎందుకు తెంచాలో ఇక్కడ చెప్పాలి.

ఏసీ వైపు మాత్రమే తెంచితే కాయిల్‌లో ఉన్న శక్తి వెంటనే పోదు. రెక్టిఫయర్ డయోడ్ గుండా తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాన్ స్విచ్ ఆపినా కాసేపు తిరిగినట్టు, కాయిల్ కరెంటు కూడా మెల్లగా తగ్గుతుంది. అంతసేపూ ఆర్మేచర్ అంటుకునే ఉంటుంది. డీసీ వైపు తెంచితే ఆ దారి మూసుకుపోయి కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది. రెండింటికీ మూసుకునే సమయంలో కొన్ని రెట్ల తేడా ఉంటుంది. నిమిషానికి 4 మీటర్లు దిగే హాయిస్ట్ సెకనుకు 67 మిల్లీమీటర్లు కదులుతుంది. సెకనులో మూడో వంతు ఆలస్యమైతే రెండు సెంటీమీటర్లు దాటి జారుతుంది. పట్టేవాళ్ళు లేక బరువు వేగం పుంజుకుంటే ఇంకా ఎక్కువ. మోల్డు మీద మోల్డు దించేచోట, మనిషి చెయ్యి పెట్టి సర్దేచోట ఇది చిన్న దూరం కాదు.

రెక్టిఫయర్ మీద సాధారణంగా ఆరు టెర్మినళ్ళు ఉంటాయి. రెండు ఏసీ లోపలికి, రెండు కాయిల్‌కు, మధ్యలో రెండు డీసీ స్విచ్ కోసం. అంకెలు కంపెనీని బట్టి మారతాయి, దాని మీది బొమ్మ చూసి కలపాలి. ఆ మధ్య రెండింటినీ కలుపుతూ ఫ్యాక్టరీలోనే ఒక చిన్న లింకు వేసి పంపుతారు. డీసీ స్విచింగ్ వైర్లు కలిపేటప్పుడు ఆ లింకు తీసేయాలి. గుమ్మిడిపూండి వైపు ఒక షెడ్డులో బటన్ వదిలాక బరువు జారుతోందని లైనింగ్ మార్చారు, స్ప్రింగులు మార్చారు, జారడం ఆగలేదు. నేను వెళ్ళి రెక్టిఫయర్ మూత తీస్తే కాంటాక్టర్ నుంచి వచ్చిన రెండు వైర్లూ సరైన టెర్మినళ్ళకే ఉన్నాయి, వాటి మధ్య లింకు కూడా అలాగే ఉంది. కాంటాక్టర్ తెంచుతోంది, లింకు కలుపుతోంది. లింకు తీశాక అదే లైనింగ్‌తో బరువు టక్కున నిలబడింది.

డీసీ కాయిల్‌ను తెంచినప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పు గట్టిగా లేస్తుంది. అందుకే రెండు పోళ్ళు సిరీస్‌లో పెట్టమన్నాను. చిన్న కంట్రోల్ రిలేతో ఈ పని చేయిస్తే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుపోవడమంటే బ్రేక్ మూసుకోకపోవడం. కాంటాక్టర్ కేటలాగ్‌లో డీసీ13 (డీసీ కాయిళ్ళను తెంచే) రేటింగు చూసి తీసుకోండి. కాయిల్‌కు అడ్డంగా వేరిస్టర్ ఉండాలి. చాలా రెక్టిఫయర్లలో లోపలే ఉంటుంది, లేకపోతే విడిగా కలపండి. కాయిల్ వైర్లకు ప్లస్ మైనస్ పట్టింపు లేదు.

బ్రేక్ ఎంసీబీకి ఆగ్జిలరీ కాంటాక్టు పెట్టి అప్, డౌన్ కంట్రోల్ లైన్లో సిరీస్ చేయండి. ఆ ఎంసీబీ పడితే హాయిస్ట్ కదలకూడదు. లేకపోతే మూసి ఉన్న బ్రేక్ మీద మోటారు తిరిగి లైనింగ్ పొగ అయిపోతుంది.

డ్రైవ్ ఉంటే

డ్రైవ్ ఔట్‌పుట్ నుంచి రెక్టిఫయర్‌కు సప్లై తీయనే కూడదు. అక్కడ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ వేగంతో పాటు మారతాయి. మెల్లగా ఎత్తేటప్పుడు బ్రేక్ తెరుచుకోవడానికి సరిపడా వోల్టేజీ ఉండదు, డ్రైవ్ పల్సులకు రెక్టిఫయర్ కూడా నిలవదు. సప్లై మెయిన్ లైను నుంచే రావాలి. డ్రైవ్‌లోని రిలే బ్రేక్ కాంటాక్టర్‌ను నడపాలి, కాంటాక్టర్ బ్రేక్‌ను నడపాలి. డ్రైవ్ రిలేకు నేరుగా బ్రేక్ కాయిల్ కలిపితే ఆ చిన్న కాంటాక్టు ఎక్కువ కాలం బతకదు.

పారామీటర్లలో బ్రేక్ కంట్రోల్ ఆన్ చేసి రెండు విషయాలు చూసుకోవాలి. మోటారులో కరెంటు, అంటే బరువును మోయగల టార్కు, వచ్చాకే బ్రేక్ తెరుచుకోవాలి. ఆపేటప్పుడు వేగం సున్నాకు దగ్గరపడ్డాక బ్రేక్ పడాలి, బ్రేక్ పూర్తిగా పట్టేదాకా డ్రైవ్ బరువును వదలకూడదు. సెట్టింగు సరిగా ఉందో లేదో కంటికే తెలుస్తుంది. ఎత్తడం మొదలుపెట్టగానే బరువు కొంచెం కిందికి దిగి తర్వాత పైకి లేస్తే బ్రేక్ తొందరగా తెరుచుకుంటోంది. మోటారు మూలిగి కరెంటు ఎగబాకి డ్రైవ్ ట్రిప్ అయితే ఆలస్యంగా తెరుచుకుంటోంది.

ఎమర్జెన్సీ బటన్ డ్రైవ్‌కు మాత్రమే సిగ్నల్ ఇచ్చేలా ఉంటే చాలదు. బ్రేక్ కాంటాక్టర్‌ను కూడా నేరుగా పడగొట్టాలి. డ్రైవ్ మొండికేసినా బ్రేక్ పడాలి. బ్రేక్ వైర్లను మోటారు కేబుల్‌తో ఒకే కేబుల్లో తీసుకెళ్ళకుండా విడిగా లాగండి.

పరీక్ష

మోటారు ఫ్యూజులు తీసి బ్రేక్ ఒక్కదానికి సప్లై వచ్చేలా చేసి, ఖాళీ హుక్కు నేల మీదే ఉంచి, బ్రేక్ తెరిచి చూడండి. "టక్" మని ఒకే శబ్దం స్పష్టంగా రావాలి. గరగర శబ్దం వస్తే ఆర్మేచర్ పూర్తిగా కూర్చోవడం లేదు, లేదా రెక్టిఫయర్ పోయింది. మల్టీమీటర్ డీసీలో పెట్టి కాయిల్ దగ్గర కొలవండి, 415 మీద హాఫ్ వేవ్‌కు 187 దగ్గర రావాలి. బ్రేక్ తెరిచి ఉండగా చేత్తో షాఫ్టు తిప్పితే రాపిడి లేకుండా తిరగాలి.

తర్వాత మోటారు కలిపి ఖాళీ హుక్కుతో పైకి, కిందికి. తర్వాత చిన్న బరువు. కొత్త లైనింగ్ పూర్తి పట్టు మొదట్లోనే ఇవ్వదు. కొన్నిసార్లు ఆగి లేచాక ఉపరితలం కుదురుకుంటుంది. అందుకే మొదటి ఆపడాలన్నీ చిన్న బరువుతోనే. ఆ తర్వాత పూర్తి బరువును నేల నుంచి ఒక అడుగు మాత్రమే ఎత్తి ఆపి, పక్కన ఏదైనా గుర్తు పెట్టి జారుతోందేమో కాసేపు చూడండి. అది నిలబడితే దిగుతుండగా బటన్ వదలండి, దిగుతుండగా ఎమర్జెన్సీ నొక్కండి, దిగుతుండగా మెయిన్ ఆఫ్ చేయండి. కాంటాక్టర్ల హాయిస్ట్ అయితే మూడు విధాలుగా ఆపినా దాదాపు ఒకే దూరంలో నిలబడాలి. ఒక పద్ధతిలో మాత్రమే ఎక్కువ జారితే ఆ దారిలో కాయిల్ కరెంటు ఎక్కడో మిగులుతోంది, డీసీ కాంటాక్టు వైరింగ్ మళ్ళీ చూడండి. 125 శాతం బరువు పరీక్ష మాత్రం అధికారం ఉన్న ఇన్‌స్పెక్టర్ సమక్షంలోనే చేయాలి.

చెన్నై గాలి

ఇక్కడి తేమ ఈ బ్రేకులకు ప్రత్యేకమైన శత్రువు. ఎన్నూరు, మణలి వైపు ఉప్పుగాలి ఇంకా తీవ్రం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వారం పది రోజులు వాడకుండా ఉంచిన మోటారులో ఫ్రిక్షన్ ప్లేటు తుప్పు పట్టి లైనింగ్‌ను అంటించుకుంటుంది. కాయిల్ లాగినా డిస్క్ ఊడిరాదు. అలాంటి యంత్రాలను వానాకాలంలో రోజూ ఒక్కసారైనా ఖాళీగా తిప్పమని చెబుతాను. కేబుల్ గ్లాండు (కేబుల్ లోపలికి వెళ్ళే చోటి బిగింపు) కిందికి చూసేలా, కేబుల్ గ్లాండుకు వచ్చే ముందు ఒక వంపు కిందికి వేలాడేలా పెట్టండి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. దుమ్ము ఆపే రబ్బరు రింగు ఉన్న బ్రేక్ దొరికితే అదే కొనండి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్ళు నిలిచాయి. క్రేన్ హాయిస్టులు పైన ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ కాలేదు, నేల మీది కన్వేయర్లు, గూడ్స్ లిఫ్టుల బ్రేక్ మోటార్లు మునిగాయి. మునిగిన బ్రేక్‌కు ఆరిందో లేదో చూడకుండా కరెంటు ఇవ్వకండి. విప్పి, లైనింగ్ డిస్క్ మార్చి, కాయిల్‌ను ఆరబెట్టి, మెగ్గర్ చూసి, రెక్టిఫయర్ కొత్తది వేయడం మేలు. మురికినీటిలో నానిన లైనింగ్ ఆరాక చూడ్డానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం నమ్మలేం.

పని పూర్తయ్యాక ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి. తేదీ, కాయిల్ వోల్టేజీ, రెసిస్టెన్స్, మూడుచోట్ల గ్యాప్, కొత్త డిస్క్ మందం, రెక్టిఫయర్ లింకు తీశామా లేదా, కాయిల్ దగ్గర కొలిచిన డీసీ. వారం తర్వాత ఒకసారి గ్యాప్ మళ్ళీ కొలవాలి, కొత్త లైనింగ్ మొదట్లో కొంచెం తొందరగా అరుగుతుంది. ఆ తర్వాత వాడకాన్ని బట్టి మూడు నెలలకో, ఆరు నెలలకో. ప్రతిసారీ కొలత కింద కొలత రాస్తూ పోండి.